మేనరికం ఇవ్వొచ్చా, వద్దా? లగ్నం పెట్టకముందు చూసుకోవలసినవి

పెన్నాగట్టు | సోమవారం, ఉదయం 7:10

శ్రావణం ముహూర్తాలు దగ్గరపడే కొద్దీ ఇక్కడ ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. బావకిద్దామా, మామకిద్దామా, రక్తపరీక్ష చేయిస్తే సరిపోతుందా, రిజిస్టర్ అవుతుందా? ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు, తెలిసినవాళ్ళంతా ఒకేచోట రాస్తే కావలి వాళ్ళకైనా కనిగిరి వాళ్ళకైనా అక్కరకొస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో మన రాష్ట్రంలో రక్తసంబంధీకుల పెళ్ళిళ్ళు 26 శాతం దాకా ఉన్నాయి. దేశం మొత్తమ్మీద చూస్తే 11. ఇది ఇంచుమించు నాలుగిళ్ళలో ఒక ఇంటి సంగతి. "చేసుకోకూడదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ ఇళ్ళకు ఏమీ చెప్పినట్టు కాదు. సొంత కథలొద్దు, ఎవరి పేర్లూ వద్దు. తెలిసింది లెక్కతో సహా రాయండి.

జన్యుసలహా | సోమవారం, ఉదయం 8:02

ముందు అది ఏ మేనరికమో తేల్చుకోవాలి. మనం అన్నిటినీ ఒకే మాటతో పిలుస్తాం, లెక్క మాత్రం దేనిది దానికే.

మేనమామ, మేనకోడలు అయితే ఇద్దరి జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి. ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. మామాకోడళ్ళకు పుట్టే బిడ్డలో ఆ రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి దగ్గర్నుంచి వచ్చే అవకాశం 8లో 1. సొంత బావామరదళ్ళయితే, అంటే మేనత్త కొడుకు, మేనమామ కూతురు అయితే, 16లో 1. సొంత బావామరదళ్ళిద్దరూ వేర్వేరుగా బయట చేసుకుని, వాళ్ళ పిల్లలు ఒకరినొకరు చేసుకుంటే 64లో 1. ఆ దూరానికి వచ్చేసరికి బయటి సంబంధానికీ దీనికీ తేడా చాలా తక్కువ.

చాలామందికి తట్టనిది కుండమార్పిడి. ఒక ఇంటి అన్నాచెల్లెళ్ళు ఇంకో ఇంటి అన్నాచెల్లెళ్ళను చేసుకుంటారు. రెండిళ్ళకూ ముందు చుట్టరికం లేకపోతే ఆ పెళ్ళిళ్ళతో ఏ చిక్కూ లేదు. కానీ ఆ రెండు జంటల పిల్లలకు తాతలూ అవ్వలూ నలుగురూ ఒకటే. అటు చూసినా మేనరికమే, ఇటు చూసినా మేనరికమే. ఆ పిల్లలకు మళ్ళీ ముడిపెడితే లెక్క 16లో 1 కాదు, 8లో 1. మేనమామకిచ్చినంత దగ్గర.

ఇంకోటి, అక్క కూతురిని చేసుకోవచ్చు గానీ చెల్లెలి కూతురిని చేసుకోకూడదనే కట్టుబాటు చాలా కులాల్లో ఉంది. అది వరసకు సంబంధించింది. జన్యువుల లెక్కలో రెండూ ఒకటే.

నా సలహా ఇది. మేనమామకివ్వడం, కుండమార్పిడి పిల్లల మధ్య పెళ్ళి, ఈ రెండూ మానేయాలి. సొంత బావామరదళ్ళ విషయంలో, పై తరంలోనూ మేనరికం జరిగి ఉంటే ఈ తరంలో ఆపాలి. జరగకపోతే కుటుంబ చరిత్ర చూసి, పరీక్ష చేయించి, తర్వాత మాట్లాడుకోవాలి.

ఉలవపాడు_తోట | సోమవారం, ఉదయం 9:30

మేడం, మన పెద్దవాళ్ళంతా చేసుకున్నవి ఇవే గదా. అందరూ బాగానే ఉండారు. తెలిసిన ఇల్లు, కట్నం పీకులాట లేదు, పొలం చీలిపోదు. లేనిపోని భయం పెడుతున్నారేమో అనిపిస్తాది.

జన్యుసలహా | సోమవారం, ఉదయం 10:15

భయం పెట్టడం లేదన్నా. ఏ జంటకైనా పెద్ద లోపంతో బిడ్డ పుట్టే అవకాశం నూటికి రెండు మూడు ఉంటుంది. సొంత బావామరదళ్ళకు దాని మీద ఇంకో రెండు మూడు కలుస్తుంది. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో వేలాది పిల్లల్ని చూసి 2013లో వెలువరించిన అధ్యయనంలోనూ 3 నుంచి 6కు పెరిగినట్టే తేలింది. అంటే నూటికి 94 మంది బాగానే పుడతారు. ఈ మాట దాచకూడదు. దాచి బెదిరిస్తే జనం చుట్టుపక్కల చూసి, "వీళ్ళు చెప్పేది అబద్ధం" అని మొత్తం వదిలేస్తారు.

కాకపోతే ఆ 6 అందరికీ సమానంగా పంచిన 6 కాదు. ఎక్కువ జంటలకు అదనపు ప్రమాదం దాదాపు లేనట్టే. కొన్ని జంటలకు మాత్రం ప్రతి కాన్పులోనూ 25. మీ ఇంటి జంట ఎందులో ఉందో తేల్చుకోవడమే అసలు పని.

"పెద్దవాళ్ళు బాగానే ఉన్నారు" అనడంలో రెండు లొసుగులున్నాయి. భార్యాభర్తలిద్దరూ ఒకే జబ్బు తాలూకు జన్యువును మోస్తున్నారనుకుందాం. వాళ్ళకు ఏ బాధా ఉండదు, ఒక ప్రతి బాగుంటే చాలు. ప్రతి కాన్పులో జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, రాకపోయే అవకాశం నాలుగింట మూడు. ఇద్దరు పిల్లలుంటే, ఇద్దరూ బాగుండే అవకాశం మూడింతలు మూడు తొమ్మిది, 16లో 9. సగానికి మించి ఇళ్ళలో ఏమీ బయటపడదు. జన్యువు మాత్రం చాపకింద నీరులా తర్వాతి తరానికి వెళ్తుంది. వాళ్ళు మళ్ళీ లోపలే చేసుకుంటే అప్పుడు తగులుతుంది.

రెండోది, వెనకటి రోజుల్లో ఎనిమిది కాన్పుల్లో ఇద్దరు ముగ్గురు పురిట్లోనే పోతే "జ్వరమొచ్చి పోయింది", "దిష్టి తగిలింది" అనుకున్నారు. ఆ పిల్లలకు పేరు కూడా పెట్టి ఉండరు. మనం లెక్కపెట్టేది బతికినవాళ్ళనే.

పిల్లలవార్డు | సోమవారం, ఉదయం 11:05

పైన చెప్పినదాంట్లో "జ్వరమొచ్చి పోయింది" అన్న మాట దగ్గర ఆగాలి. శరీరంలో ఒక ఎంజైమ్ లేక వచ్చే జబ్బులు సరిగ్గా అలాగే కనిపిస్తాయి. బిడ్డ పుట్టినప్పుడు బరువు బాగుంటుంది, ఏడుస్తుంది, పాలు తాగుతుంది. రెండో రోజో మూడో రోజో పాలు పట్టడం మానేస్తుంది, మగతగా పడి ఉంటుంది, ఊపిరి వేగంగా తీస్తుంది, ఫిట్స్ వస్తాయి. చూసినవాళ్ళకు ఇన్‌ఫెక్షన్ అనిపిస్తుంది. కల్చర్‌లో (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్షలో) ఏమీ రాదు. యాంటీబయాటిక్ మారుస్తూ మూడు రోజులు పోతాయి, ఆ మూడు రోజులే బిడ్డను కాపాడగలిగిన రోజులు.

మేనరికపు జంట బిడ్డకు ఇలా అయితే, "మాది మేనరికం, ఇంతకుముందు ఇలా ఒక బిడ్డ పోయింది" అని డాక్టరు అడక్కముందే చెప్పండి. అప్పుడు చక్కెర, అమ్మోనియా, లాక్టేట్, రక్తంలో ఆమ్లం, మూత్రంలో కీటోన్లు చూస్తారు. అమ్మోనియా నమూనాను టోర్నికేట్ (చేతికి కట్టే పట్టీ) బిగించకుండా తీసి, ఐసులో పెట్టి, వెంటనే ల్యాబుకు పంపాలి. బల్ల మీద అరగంట ఉంటే అంకె దొంగగా పెరిగి అందరినీ తప్పుదారి పట్టిస్తుంది. మూత్రం బెల్లం పాకం వాసన వేస్తుంటే ఆ సంగతీ చెప్పండి, అది ఒక జబ్బుకు గుర్తు.

పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య మడమ మీద గుచ్చి, ఫిల్టర్ కాగితం మీద నాలుగైదు రక్తపు చుక్కలు పట్టించి పంపే పరీక్ష ఉంది. మేనరికమైతే దాన్ని ప్రసవానికి ముందే ఆసుపత్రిలో మాట్లాడి పెట్టుకోండి. 24 గంటలలోపు తీస్తే థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను (టీఎస్‌హెచ్) సహజంగానే ఎక్కువగా ఉండి తప్పు ఫలితం వస్తుంది. ఇది ఎందుకంత ముఖ్యమంటే, అందులో తేలేవాటిలో కొన్నిటికి వైద్యం ఉంది. బయోటినిడేజ్ లోపానికి రోజూ బయోటిన్ బిళ్ళ వేస్తే చాలు, బిడ్డ మామూలుగా పెరుగుతుంది. ఆలస్యమైతే పోయిన వినికిడి, చూపు తిరిగి రావు.

ల్యాబ్‌బల్ల | సోమవారం, మధ్యాహ్నం 1:20

పెళ్ళికి ముందు "బ్లడ్ టెస్ట్ చేయించాం, గ్రూపులు కలిశాయి" అని చెప్పేవాళ్ళకు ఒక మాట. బ్లడ్ గ్రూపుకూ మేనరికపు జబ్బులకూ ఏ సంబంధమూ లేదు. అమ్మాయి నెగటివ్, అబ్బాయి పాజిటివ్ అయితే ఏడో నెలలో (28 వారాలకు) ఒక యాంటీ–డి ఇంజెక్షన్, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల లోపు ఇంకోటి. అది ఏ పెళ్ళికైనా ఉన్నదే.

అసలు చేయించాల్సినవి రెండు మెట్లు.

మొదటిది చవకైనది. సీబీపీ, దాంతోపాటు హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో హిమోగ్లోబిన్ రకాల పరీక్ష. ఊదారంగు మూత ట్యూబులో రెండు మిల్లీలీటర్లు చాలు. సీబీపీలో ఎంసీవీ (ఎర్రకణం సైజు) 80 కంటే, ఎంసీహెచ్ (ఒక్కో కణంలో హిమోగ్లోబిన్) 27 కంటే తక్కువుండి, హెచ్‌బీ ఏ2 3.5 శాతం దాటితే తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారవని జబ్బు) వాహకులు, అంటే తమకు జబ్బు లేకుండా ఆ జన్యువును మోసేవాళ్ళు, కావచ్చు. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. ఇనుము బాగా తక్కువగా ఉన్నవాళ్ళలో ఏ2 కిందికి దిగి, వాహకురాలైన అమ్మాయి కూడా నార్మల్‌గా కనిపించవచ్చు. 3.3, 3.4 లాంటి అంచు అంకె వస్తే ఇనుము మాత్రలు వాడాక మళ్ళీ చేయించండి. రక్తం ఎక్కించుకుని ఉంటే మూడు నెలలు ఆగాలి.

రెండోది వందల జన్యువుల్ని ఒకేసారి చూసే క్యారియర్ పరీక్ష. నమూనా ఇక్కడ తీసినా పెద్ద ఊళ్ళకు వెళ్తుంది, రిపోర్టుకు నాలుగైదు వారాలు పట్టొచ్చు. శుభలేఖలు అచ్చయ్యాక చేయిస్తే ఆ రిపోర్టు చదివే ధైర్యం ఎవరికీ ఉండదు. మాటలనుకోకముందే ఇవ్వండి.

"ఎక్సోమ్ (దాదాపు జన్యువులన్నిటినీ ఒకేసారి చదివే పరీక్ష) చేయించాం, అంతా క్లియర్" అన్నప్పుడు ఇంకో ప్రశ్న అడగాలి: "ఎస్‌ఎంఏ అందులో కలిసి ఉందా?" వెన్నుపాములోని నరాలు చచ్చి కండరాలు పట్టు తప్పే జబ్బు అది. దాని జన్యువుకు పక్కనే అచ్చు అలాంటిదే ఇంకోటి ఉండటంతో మామూలు సీక్వెన్సింగ్ తికమకపడుతుంది. ఎంఎల్‌పీఏ అనే పద్ధతిలో విడిగా చూడాలి. అడ్రినల్ గ్రంథి జబ్బు సీఏహెచ్ సంగతీ అంతే.

జన్యుసలహా | సోమవారం, మధ్యాహ్నం 2:00

ల్యాబ్‌బల్ల గారు చెప్పినవాటికంటే ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఒక తెల్లకాగితం మీద మూడు తరాల వంశవృక్షం గీయండి. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వలయం, మేనరికపు జంట మధ్య రెండు గీతలు, పోయినవాళ్ళ మీద అడ్డగీత, జబ్బున్నవాళ్ళను నింపేయండి. గీయడం పది నిమిషాల పని. సమాచారం రాబట్టడానికే ఓపిక కావాలి.

"మీ ఇంట్లో ఏమైనా జబ్బులున్నాయా" అని అడిగితే "ఏమీ లేవు" అంటారు. ఒక్కొక్క గర్భాన్నీ అడగాలి. ఎన్ని నిలిచాయి, ఎన్ని జారిపోయాయి, చచ్చి పుట్టిందెవరు, ఏడాది నిండకుండా పోయిందెవరు, ఎన్నో రోజున, ఎలా? పుట్టుచెవుడు, మూగ, రేచీకటి, ఆలస్యంగా నడిచినవాళ్ళు, ఫిట్స్, చదువు అబ్బనివాళ్ళు, చిన్న వయసులోనే కర్ర పట్టినవాళ్ళు ఎవరు? మగవాళ్ళకు ఈ వివరాలు తెలియవు. అమ్మమ్మను, నాయనమ్మను విడివిడిగా కూర్చోబెట్టి అడగండి. ఇద్దరు తోబుట్టువులు ఒకే వయసులో ఒకేలా పోయారంటే అది ఎర్రజెండా. ఇక పెళ్ళిమాటలు ఆపి జెనెటిక్స్ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఆ కాగితం విలువ ఎంతో లెక్కతో చెబుతాను. అమ్మాయి తల్లికి ఒక చెల్లెలుండేదనుకుందాం, రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జన్యులోపంతో చిన్నప్పుడే పోయింది. అంటే అమ్మమ్మ, తాత ఇద్దరూ వాహకులే. అమ్మ, మేనమామ ఆరోగ్యంగా ఉన్నారు గనుక వాళ్ళు వాహకులయ్యే అవకాశం ఒక్కొక్కరికీ మూడింట రెండు. వాళ్ళ పిల్లలకు మూడింట ఒకటి. ఆ బావామరదళ్ళు పెళ్ళి చేసుకుంటే ఇద్దరూ వాహకులయ్యే అవకాశం 9లో 1, బిడ్డకు జబ్బు 36లో 1. అదే కూతుర్ని మేనమామకిస్తే 18లో 1. ఆమె బయట చేసుకుంటే, ఆ జన్యువు జనంలో 50 మందిలో ఒకరికి ఉందనుకున్నా, 600లో 1. ఒకే ఇల్లు, ఒకే అమ్మాయి. పిన్ని సంగతి కాగితం మీదికి వస్తేనే ఈ తేడా కనిపిస్తుంది.

దర్శి_టీచరమ్మ | సోమవారం, సాయంత్రం 5:45

వైద్యం సంగతి మీరు చెప్పారు. ఉలవపాడు అన్న "తెలిసిన ఇల్లు" అన్నారు, దాని గురించి రాస్తాను.

మేనరికంలో అమ్మాయికి ఒక సుఖం ఉంటుంది, ఒప్పుకుంటాను. కొత్త ఇంట్లో బెరుకు ఉండదు. కానీ ఇబ్బంది వచ్చినప్పుడు ఆమె ఎవరికి చెప్పుకోవాలి? అత్త నాన్నకు సొంత చెల్లెలు. కూతురు నోరు తెరిస్తే నాన్నకు తోబుట్టువు దూరమవుతుంది. అవ్వాతాతలు "సర్దుకో తల్లీ" అంటారు. బయటి సంబంధంలో పుట్టిల్లు అమ్మాయి పక్షం. మేనరికంలో పుట్టిల్లు రెండు పక్షాలూ. విడిపోవలసి వస్తే ఒక కాపురంతోపాటు రెండు తరాల రాకపోకలు తెగిపోతాయి.

మేనమామ విషయంలో వయసు తేడా ఇంకో చిక్కు. పదేళ్ళూ పన్నెండేళ్ళూ తేడా ఉంటుంది, మామకు ఆలస్యమవుతోందని ఇంటర్ చదివే పిల్లను మాన్పించేస్తారు. 18 నిండకపోతే అది మేనరికం సంగతి కాదు, నేరం. 1098కి ఫోన్ చేయొచ్చు.

ఉయ్యాల్లోనే "నీ మొగుడు వీడే" అని పెట్టేస్తారు. పెద్దయ్యాక వద్దంటే మాట తప్పినట్టు చూస్తారు. అడగాల్సింది ఆ ఇద్దరినీ, విడివిడిగా, పెద్దలు లేనప్పుడు. "బావను అన్నలా చూశాను" అని అమ్మాయి అంటే, అక్కడితో ఆపేయడమే మర్యాద.

కోర్టువరండా | సోమవారం, రాత్రి 8:30

చట్టం గురించి. హిందూ వివాహ చట్టం, 1955. చాలామంది మేనరికానికి చట్టం పూర్తి అనుమతి ఇచ్చిందనుకుంటారు. అలా లేదు. నిషిద్ధ సంబంధాల నిర్వచనంలో మామాకోడళ్ళూ ఉన్నారు, అన్నాచెల్లెళ్ళ పిల్లలూ ఉన్నారు. సెక్షన్ 5లోని నాలుగో, ఐదో షరతులు వాటిని ఆపుతాయి. ఇద్దరి ఆచారం ఒప్పుకుంటే మాత్రం చెల్లుతుంది అన్న ఒక్క మినహాయింపు మీద మన పెళ్ళిళ్ళన్నీ నిలబడి ఉన్నాయి. మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ చేసుకోవడం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రంలోనే ఉంది, కాబట్టి మన దగ్గర ఆ ఆచారం రుజువు చేయడం కష్టం కాదు.

కష్టం ఎక్కడొస్తుందంటే, ఆచారం ఇద్దరిదీ అయ్యుండాలి, ఎప్పట్నుంచో తెగకుండా వస్తూ ఉండాలి. పిన్ని కూతురు, పెదనాన్న కూతురు మనకు చెల్లెళ్ళు. అక్కడ ఆదుకోవడానికి ఏ ఆచారమూ ఉండదు, గుళ్ళో దండలు మార్చుకున్నా సెక్షన్ 11 కింద ఆ పెళ్ళి చెల్లదు. సెక్షన్ 18 కింద నెల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సపిండ నిషేధం (ఒకే పూర్వీకుల సంతానమైన దగ్గరి చుట్టాల మధ్య పెళ్ళిని ఆపే ఐదో షరతు) రాజ్యాంగానికి విరుద్ధమన్న వాదనను ఢిల్లీ హైకోర్టు 2024లో తోసిపుచ్చింది.

ఇంట్లో ఒప్పుకోలేదని బావామరదళ్ళు 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద నోటీసు ఇవ్వబోతే ఇంకో గోడ తగులుతుంది. ఆ చట్టం మొదటి షెడ్యూలులో మేనమామ కూతురు, మేనత్త కూతురు ఇద్దరూ నిషిద్ధాల జాబితాలో ఉన్నారు. ఆచారమన్నా, రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ఆచారమే లెక్క. వాళ్ళు సంప్రదాయ పద్ధతిలో పెళ్ళి చేసుకుని, హిందూ వివాహ చట్టం కింద సబ్‌రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకోవడం సరైన దారి.

దత్తత గురించి కూడా ఒక మాట. దత్తుపోయినా పుట్టింటి నిషేధాలు పోవు. 1956 దత్తత చట్టం సెక్షన్ 12 ఆ మాట స్పష్టంగా చెప్పింది.

ఉలవపాడు అన్నకు పొలం గురించి: మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఉంది. 2005లో కేంద్ర చట్టం దాన్ని కూతుళ్ళందరికీ వర్తింపజేసింది. అమ్మాయిని మేనత్త కొడుకుకిచ్చినా ఆమె వాటా ఆమె పేరు మీదే ఉంటుంది, పొలం కలిసిపోదు. పెళ్ళితో ఆస్తిని కాపాడుకోవచ్చన్న లెక్క ఈ రోజు సరిపోదు.

రొట్టెలరేవు | సోమవారం, రాత్రి 9:10

నెల్లూరు ముస్లిం కుటుంబాల గురించి క్లుప్తంగా. అక్కడ చిన్నాన్న పిల్లలు, పిన్ని పిల్లలు, మేనత్త మేనమామ పిల్లలు, అందరితోనూ నిఖా చెల్లుతుంది. మేనమామతో మాత్రం చెల్లదు, ఖురాన్‌లోనే నిషేధం ఉంది. ఒకే తల్లి పాలు తాగినవాళ్ళ మధ్య కూడా చెల్లదు. జన్యువుల లెక్క ఏ వరసకైనా ఒకటే గనుక జన్యుసలహా గారు చెప్పిన కాగితం మాకూ అంతే అవసరం.

ఉలవపాడు_తోట | మంగళవారం, ఉదయం 6:50

పొలం సంగతి తెలవలేదు, మంచి మాట చెప్పారు. ఇంకో అనుమానం. కనిగిరి, పొదిలి వైపు కొన్ని ఊళ్ళల్లో పిల్లలకు కాళ్ళు వంకరపోయి ఉంటాయి. అది మేనరికం వల్లే అంటారు, నిజమేనా?

పిల్లలవార్డు | మంగళవారం, ఉదయం 7:35

అన్నా, ఇది తప్పకుండా విడదీసి చూడాలి. ఆ పడమటి మండలాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే గతి లేకపోతే 1.5 వరకు. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళ మీద గోధుమరంగు గార, కీళ్ళు బిగుసుకోవడం, తిండిలో కాల్షియం తక్కువున్న పిల్లల్లో మోకాళ్ళు వంకరపోవడం వస్తాయి. ఒకే బోరు నీళ్ళు తాగే చుట్టాలు కాని ఇళ్ళలోనూ ఉంటే అది నీళ్ళ వల్ల. ఒకే ఇంటి పిల్లల్లో, వేరే ఊళ్ళో పెరిగిన తోబుట్టువుకూ ఉంటే అప్పుడు వంశం వైపు చూడాలి. నీటి జబ్బును మేనరికం ఖాతాలో వేస్తే ఎవరూ నీళ్ళు మార్చరు.

అలాగే డౌన్ సిండ్రోమ్ మేనరికం వల్ల రాదు, తల్లి వయసు పెరిగే కొద్దీ ఎక్కువవుతుంది. దాదాపుగా మగపిల్లలకే వచ్చే డుషేన్ కండరాల జబ్బు, హిమోఫీలియా తల్లి వైపు ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తాయి. ఆమె ఎవరిని చేసుకున్నా కొడుకులకు అంతే అవకాశం ఉంటుంది.

ల్యాబ్‌బల్ల | మంగళవారం, ఉదయం 8:20

దీనికి ఎదురు మాట కూడా ఉంది. బయటి ఇల్లే అయినా ఒకే చిన్న కులంలో వందల ఏళ్ళుగా చేసుకుంటూ వస్తే ఆ కులానికంటూ కొన్ని జన్యువులు పేరుకుంటాయి. బాగా పరిశోధించి తేల్చిన ఉదాహరణ ఆర్యవైశ్యుల్లో సూడోకోలినెస్టరేజ్ లోపం. ఆపరేషన్‌లో మత్తుమందుకు తోడుగా కండరాల్ని సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే, మామూలువాళ్ళకు కొన్ని నిమిషాల్లో విరుగుతుంది, లోపమున్నవాళ్ళకు ఊపిరి కండరాలు గంటల తరబడి పనిచేయవు. ముందే చెబితే ఒక చిన్న రక్తపరీక్ష, వేరే మందు. అంతటితో సరి. ఇలాంటివి ఏదో ఒక రూపంలో అన్ని కులాల్లోనూ ఉంటాయి. కాబట్టి "మాది మేనరికం కాదు" అన్నవాళ్ళు కూడా హెచ్‌పీఎల్‌సీ పరీక్ష మానొద్దు.

పెన్నాగట్టు | మంగళవారం, ఉదయం 9:00

పెళ్ళయిపోయినవాళ్ళ సంగతి ఎవరూ రాయలేదు. ఇన్‌బాక్సులో ఎక్కువ మంది అడిగేది వాళ్ళే. కొందరు గర్భంతో ఉన్నారు.

జన్యుసలహా | మంగళవారం, ఉదయం 10:40

ముందుగా ఒకటి. మేనరికం అన్న ఒక్క కారణానికి గర్భం తీయించుకోకండి. అలా చెప్పే వైద్యం లేదు.

గర్భం ఇంకా రాకపోతే అదే మంచి సమయం. వంశవృక్షం, హెచ్‌పీఎల్‌సీ, వీలైతే ఇద్దరికీ కలిపి క్యారియర్ పరీక్ష. ఫోలిక్ యాసిడ్ నెల ముందు నుంచి వేసుకోవాలి. అది వెన్నెముక లోపాల కోసం, మేనరికపు జబ్బుల్ని ఆపదు.

గర్భం వచ్చాక వారాల లెక్క ముఖ్యం. 11 నుంచి 13 వారాలకు ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి పొర మందం చూసేది), 18 నుంచి 20కి టిఫా (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్). టిఫాలో గుండె, మెదడు, కిడ్నీ, చేతులు కాళ్ళ ఆకారం కనిపిస్తుంది. రక్తం, వినికిడి, ఎంజైమ్ జబ్బులు కనిపించవు. "స్కాన్ బాగుంది" అంటే ఆకారం బాగుందని అర్థం. డబుల్ మార్కర్ అనే తల్లి రక్తపరీక్ష కూడా డౌన్ సిండ్రోమ్ లాంటి వాటికే, వాహక జబ్బులకు కాదు. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు.

ఇద్దరూ ఒకే జబ్బుకు వాహకులని, జన్యువులో ఏ మార్పు ఉందో కూడా తెలిస్తే, 11–13 వారాలకు మాయ ముక్క తీసి గానీ, 16 వారాల తర్వాత ఉమ్మనీరు తీసి గానీ బిడ్డకు ఉందో లేదో చూడొచ్చు. ఇంట్లో మొదటి బిడ్డకు ఏ మార్పో తెలియకుండా రెండో గర్భంలో ఏం వెతకాలో ఎవరికీ తెలియదు. కాబట్టి ఆ బిడ్డ పరీక్ష గర్భానికి ముందే పూర్తి కావాలి. గర్భస్రావ చట్టానికి 2021లో జరిగిన సవరణ తర్వాత, బిడ్డలో తీవ్రమైన లోపం ఉన్నప్పుడు 24 వారాలు దాటినా మెడికల్ బోర్డు అనుమతితో గర్భం తీయించుకునే దారి ఉంది, అయినా వారాలు వృథా చేయకండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, నెల్లూరు నుంచి చెన్నై మూడు నాలుగు గంటలే, వేలూరు సీఎంసీలో జెనెటిక్స్ విభాగం ఉంది. ఒంగోలు, మార్కాపురం వైపు వాళ్ళకు హైదరాబాద్‌లో నిమ్స్ జెనెటిక్స్ విభాగం, బేగంపేట జెనెటిక్స్ ఆసుపత్రి. వెళ్ళేటప్పుడు వంశవృక్షం, పాత రిపోర్టులు, పోయిన బిడ్డ డిశ్చార్జి కాగితం తీసుకెళ్ళండి.

పిల్లలవార్డు | మంగళవారం, ఉదయం 11:15

చెప్పడానికి బాధగా ఉన్నా ఇది చెప్పి తీరాలి. బిడ్డ చేజారిపోతోందని తెలిసినప్పుడు, ఊదా మూత ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం, ఫిల్టర్ కాగితం మీద చుక్కలు తీసి దాచమని అడగండి. ఆ గడియలో ఎవరికీ తోచదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. తర్వాతి బిడ్డను కాపాడే సమాచారం ఆ ట్యూబులోనే ఉంటుంది.

పుట్టి బాగున్న బిడ్డకు వినికిడి పరీక్ష నెల లోపు. అందులో తప్పితే మూడో నెలకల్లా బెరా పరీక్షతో (శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసేది) నిర్ధారణ, ఆరో నెలకల్లా వినికిడి మిషన్. "మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అని రెండేళ్ళు ఆగితే మాట నేర్చే వయసు దాటిపోతుంది. ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకు ఇవన్నీ ఉచితం, మీ ఆశా కార్యకర్తను అడగండి.

దర్శి_టీచరమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 12:30

పరీక్షల గురించి ఒక జాగ్రత్త. "వాహకురాలు" అన్న మాట బయటికి పొక్కితే ఆ అమ్మాయికి బయటి సంబంధాలు కూడా చెడిపోతాయి. ఆమెకు ఏ జబ్బూ లేదు. ఇద్దరి రక్తం ఒకేరోజు తీయండి, లేదా అబ్బాయిది ముందు తీయండి. రిపోర్టు ఆ ఇద్దరి చేతికే రావాలి, పెళ్ళిళ్ళ పేరయ్య చేతికి కాదు. పెళ్ళి ఆగితే "జాతకాలు కుదరలేదు" అని చెప్పినా తప్పులేదు.

ఉలవపాడు_తోట | మంగళవారం, మధ్యాహ్నం 1:05

అబ్బాయిది ముందు తీసి, ఏమీ లేదని వస్తే అమ్మాయికి అవసరం లేదా?

ల్యాబ్‌బల్ల | మంగళవారం, మధ్యాహ్నం 1:40

హెచ్‌పీఎల్‌సీ వరకు అంతే అన్నా, అబ్బాయిది నిజంగా నార్మల్ అయితే తలసీమియా గురించి అమ్మాయిది ఆపొచ్చు. పెద్ద క్యారియర్ పరీక్షలో అబ్బాయికి రెండు మూడు జబ్బుల జన్యువులు దొరకడం మామూలే, మనందరిలోనూ ఉంటాయి. అప్పుడు అమ్మాయికి ఆ రెండు మూడే చూస్తే సరిపోతుంది, ఖర్చు తగ్గుతుంది.

"అర్థం తేలని మార్పు" అని రాసి ఉంటే దాన్ని పట్టుకుని పెళ్ళి ఆపొద్దు, గర్భమూ తీయించొద్దు. రిపోర్టు దాచి, రెండేళ్ళకోసారి అదే ల్యాబుకు మళ్ళీ చూపించండి. అప్పటికి ఆ మార్పు సంగతి తేలి ఉండొచ్చు. ఫోన్‌లో ఫొటో తీసి వదిలేయకండి, ముడి డేటా ఫైలు కూడా అడిగి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.